పెద్ద దీపం, చిన్న దీపం

మా మేనత్తకు 84 ఏళ్ళు. ఊరు తెనాలి. ఏడాదికి రెండుసార్లు విజయవాడ వచ్చి, మా ఇంట్లో పదిరోజులుండి, మా వంటకూ మా పిల్లల పెంపకానికీ వంకలు పెట్టి, వెళ్ళేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళుతుంది. ఈసారి వచ్చిన మర్నాడే కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఒరే అబ్బాయ్, నువ్వేదో ఫోటోలు తీస్తావటగా. నా గోడ ఫోటో ఒకటి తీసిపెట్టు" అంది.

"గోడ ఫోటో ఏమిటత్తయ్యా?"

"దండ వేసేది."

"అవేం మాటలండీ, పొద్దున్నే!" అంటూ మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. అత్తయ్య వినిపించుకోలేదు. మామయ్య పోయిననాడు ఇంట్లో ఆయన ఫోటో విడిగా ఒక్కటీ లేదు. ఏదో పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటోలోంచి ఆయన్ని కత్తిరించి పెద్దది చేయించారు. ఆ పెళ్ళిలో ఎవరో ఆయన భుజంమీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఇరవై ఏళ్ళుగా రోజూ దణ్ణం పెడుతున్నాను. ఆయనకెంత పెట్టానో ఆ చేతికీ అంత పెట్టాను. అదెవరిదో ఇప్పటికీ తెలీదు. నాకలా వద్దు. నేను కళ్ళారా చూసి సరేనన్నదే పెట్టాలి" అంది.

కాదనడానికి ఏముంది? ఒప్పుకున్నాను.

నా దగ్గర రెండు దీపాలున్నాయి. ఒకటి పెద్దది, స్టూడియో ఫ్లాష్. పాతది కొన్నాను. గోడ కరెంటుమీద పనిచేస్తుంది, 400 జౌళ్ళ శక్తి. దాని ముందు తెల్లగుడ్డ తొడిగిన సాఫ్ట్‌బాక్స్ పెడితే కిటికీలోంచి వచ్చినట్టు మెత్తని వెలుగు వస్తుంది. రెండోది కెమెరా నెత్తిన కూర్చునే స్పీడ్‌లైటు. నాలుగు పెన్సిల్ బ్యాటరీలు దాని ఆహారం. పెద్దదాని శక్తిలో ఐదోవంతో ఆరోవంతో ఉంటుంది.

చూడటానికి ఏనుగూ ఎలుకా అయినా ఇవి రెండూ ఒక ఇంటి బిడ్డలే. 1930లలో అమెరికాలో ఎం.ఐ.టి. ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ వాడుకలోకి తెచ్చిన విద్యే రెండింటిలోనూ ఉంది. కెపాసిటర్‌లో కూడబెట్టిన విద్యుత్తు జినాన్ వాయువు నింపిన గాజు గొట్టంలోకి ఒక్కసారిగా దూకుతుంది, అదే మెరుపు. దాని రంగు ఇంచుమించు మధ్యాహ్నపు ఎండ రంగు, 5,500 కెల్విన్ పరిసరాల్లో. అందువల్ల పెద్దదీ చిన్నదీ ఒకే ముఖంమీద పడ్డా ఒకవైపు పచ్చగా, ఒకవైపు నీలంగా కనబడదు. బల్బునూ ఫ్లాషునూ కలిపితే ఆ చిక్కు తప్పదు.

ఇంత తెలిసినవాణ్ణి గదా అనే ధీమాతో హాల్లో గోడకు నీలం రగ్గు వేలాడదీశాను. అత్తయ్య పట్టుచీర కట్టుకుని, ముక్కుపుడక తుడుచుకుని, కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు తియ్యమన్నాను. "అది లేకపోతే నన్నెవరు గుర్తుపడతారు?" అంది. సరేనని పెద్ద దీపం ఎడమవైపు నిలబెట్టాను. చిన్నది కెమెరాకే తగిలించి, ఆటోమేటిక్‌లో ఉంచాను. పెద్ద దీపానికి ఒక కన్ను ఉంటుంది. మరో ఫ్లాషు వెలగడం చూస్తే తనూ వెలుగుతుంది. కనక చిన్నది పిలిస్తే పెద్దది పలుకుతుందని నా లెక్క.

మీట నొక్కాను. రెండూ వెలిగాయి. ఇంటిల్లిపాదీ చూశారు. తీరా ఫోటో చూస్తే ముఖం అప్పడంలా చదునుగా, వెనక రగ్గుమీద నల్లని నీడ, కళ్ళజోడులో మెరుపు. నాలుగుసార్లు తీశాను, నాలుగూ అంతే.

అత్తయ్య కెమెరా వెనకున్న తెరలోకి చూసి, "ఇది నా ఆధార్ కార్డులో ఉందిగా, మళ్ళీ ఎందుకు తీశావూ?" అంది.

నేను పెద్దదాని శక్తి పెంచాను. ఫోటోలో వీసమెత్తు మార్పు లేదు. కొన్న పాత సరుకు చెడిపోయిందని తిట్టుకుంటుంటే, కాలేజీలో చదివే మా అమ్మాయి ఫోటోను పెద్దది చేసి చూపించింది. "నాన్నా, మామ్మ కళ్ళజోడు చూడు. ఒక చిన్న చుక్క ఉంది. సాఫ్ట్‌బాక్స్ ఉంటే తెల్లటి చతురస్రం పడాలిగా? అదేదీ?"

నిజమే. వెలిగిన పెద్ద దీపం ఫోటోలో లేదు!

సంగతేమిటంటే, ఆటోమేటిక్‌లో ఉన్న స్పీడ్‌లైటు ఒకసారి కాదు, రెండుసార్లు వెలుగుతుంది. ముందు రవ్వంత మెరిసి, తిరిగొచ్చిన వెలుగును కెమెరా చేత కొలిపిస్తుంది. ఆ వెంటనే అసలు మెరుపు. రెంటి మధ్యా వ్యవధి ఎంత తక్కువంటే మన కంటికి ఒకటిగానే తోస్తుంది. పెద్ద దీపం కన్ను మాత్రం మోసపోదు. మొదటి రవ్వను చూసి తన శక్తి యావత్తూ ఖర్చుపెట్టేస్తుంది. తరువాతగాని కెమెరా తలుపు తెరుచుకోదు. ముహూర్తానికి ముందే అక్షింతలు వేసి ఇంటికెళ్ళిపోయిన పెద్దమనిషి వంటిదన్నమాట!

మందు సులువే. స్పీడ్‌లైటును మాన్యువల్‌లో పెట్టాలి. అప్పుడు ఒక్కసారే వెలుగుతుంది. పెట్టాను. పెద్దది ఫోటోలోకొచ్చింది. కాని ఎదురుగా ఉన్న చిన్నది ఇంకా ముఖాన్ని చదును చేస్తూనే ఉంది. అప్పటికి తెలిసింది, నేను రెండు దీపాలకూ ఒకే పని చెప్పానని.

కచేరీలో నాదస్వరం రెండైనా ఉండవచ్చు గాని, శ్రుతి వెనకే ఉండాలి. అది ఉందని తెలియదు; లేకపోతే తెలుస్తుంది. ముఖాన్ని దిద్దే పని పెద్ద దీపానిది. మనిషిని గోడనుంచి విడదీసే పని చిన్నదానిది.

అమ్మాయి స్నేహితురాలి దగ్గర రేడియో ట్రిగ్గర్ తెచ్చింది. అది కెమెరామీద ఉండి పెద్ద దీపాన్ని వెలిగిస్తుంది. ఈసారి పెద్దది పిలిస్తే చిన్నది పలకాలి. చిన్నదాన్ని స్లేవ్‌లో పెట్టి, అత్తయ్య వెనక, కుడి పక్కన ఎత్తు స్టూలుమీద ఉంచాను. దాని కన్ను పెద్ద దీపాన్ని చూసేలా ఒళ్ళు అటు తిప్పి, తల మాత్రం అత్తయ్య జుట్టువైపు తిప్పాను. వెలుగు కెమెరా కంట్లో పడకుండా నల్ల అట్ట గొట్టంలా చుట్టాను.

తరువాత ఒక్కొక్క దీపాన్నీ విడిగా పరీక్షించాను. ఇదే ముఖ్యం. చిన్నది ఆపి, పెద్దదానితో ముఖం సరిచేశాను: ఐ.ఎస్.ఓ. 100, ఎపర్చర్ ఎఫ్ 8, షట్టర్ సెకనులో 125వ వంతు. ఆ లెక్కలో హాల్లో ట్యూబులైటు వెలుగుతున్నా ఫోటోకు దాదాపు అంటదు. షట్టర్ వేగం మరీ పెంచితే, చాలా కెమెరాల్లో 200వ వంతో 250వ వంతో దాటితే, ఫోటోలో నల్లపట్టీ పడుతుంది. దీపాన్ని కాస్త పైకి ఎత్తి, అత్తయ్యను గడ్డం రవంత దించమంటే అద్దాల్లో చతురస్రం తప్పుకుంది. కుడి చెంప నీడ మరీ చిక్కగా ఉంటే మా ఆవిడ ఉతికిన తెల్లపంచె పట్టుకుని నిలబడింది. నీడ పలచబడింది, ముడతలు పోలేదు. పోవాలని నేనూ అనుకోలేదు.

అప్పుడు చిన్నది వెలిగించాను. నాలుగోవంతు శక్తితో తెల్లజుట్టు దూదిపింజలా మండిపోయింది. పదహారోవంతుకు దించాను. స్టూలును రెట్టింపు దూరం జరిపినా అదే ఫలితం. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతే గదా. కాని మా హాలు అంత పెద్దది కాదు. అంత తక్కువ శక్తిలో బ్యాటరీలకూ శ్రమ లేదు, రెండో ఫోటోకు ఎదురుచూడక్కర్లేదు.

ఈసారి వచ్చింది. ఒక్కొక్క వెండి వెంట్రుకా విడివిడిగా, రగ్గుమీద నీడ లేకుండా, కంట్లో వెలుగుతో. ముక్కుపుడక ఒక్కసారి మెరిసింది.

అత్తయ్య చాలాసేపు చూసింది. "పక్కన ఎవరి చెయ్యీ లేదుగా?" అంది.

"లేదత్తయ్యా."

"మీ నాన్న పోలికలు ఇంత ఉన్నాయని నాకు తెలీదురా" అంది. మా నాన్నకూ విడిగా తీసిన మంచి ఫోటో లేదు. నేను కెమెరా కొనేటప్పటికే ఆయన లేడు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, రెండు దీపాలూ అమరేదాకా ఆగకండి. ఒక్క దీపమో, లేకపోతే కిటికీ వెలుగో చాలు, ఈ ఆదివారమే విడిగా ఒక ఫోటో తియ్యండి. వాళ్ళకు చూపించి, సరేననిపించుకోండి.

అత్తయ్య ఫోటో పటం కట్టించాను. దాన్ని తెనాలి తీసుకువెళ్ళి, పెట్టెలో పట్టుచీరల మధ్య దాచింది. ఫోను చేసినప్పుడల్లా "పెట్టెలో భద్రంగా ఉందిరా" అంటుంది. ఉండనీ అంటాను నేను. చాలా ఏళ్ళు అక్కడే ఉండనీ.