ముప్పై అయిదేళ్లకు దక్కిన ప్రపంచకప్

ఫార్వర్డ్ పది అవకాశాలు పారేసుకున్నా ఒక్క గోల్ కొడితే హీరో. డిఫెండర్ మాత్రం మ్యాచంతా చెమటోడ్చి ఒక్కసారి తడబడితే చాలు, తెల్లారేసరికి దోషి. అమెరికా ఫుట్‌బాల్ డిఫెండర్ టిమ్ రీమ్‌కి ఆ శిక్ష 23 ఏళ్లకే పడింది. 2011 గోల్డ్ కప్‌లో పనామా ఆటగాణ్ని పెనాల్టీ బాక్సులో పడేశాడు. ఆ పెనాల్టీని గాబ్రియెల్ గోమెజ్ గోల్ చేశాడు, అమెరికా 1-2తో ఓడింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి జాతీయ జట్టులో రీమ్‌కి చోటు నిలకడగా దక్కలేదు. 2012 జనవరిలో న్యూయార్క్ రెడ్ బుల్స్ వదిలి ఇంగ్లండ్‌లో బోల్టన్‌లో చేరితే, ఆ సీజన్‌లోనే క్లబ్ ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారింది. అదీ అతని అదృష్టం! 2015లో వెళ్లిన ఫుల్హమ్ కూడా ఎక్కుతూ దిగుతూనే సాగింది. ఇంత తిరిగాక 2022లో, 35 ఏళ్లకు, ఖతార్‌లో తొలి ప్రపంచకప్. నాలుగు మ్యాచ్‌లూ మొదటి నిమిషం నుంచి చివరిదాకా ఆడాడు. ఇంగ్లండ్‌కి ఒక్క గోలూ దక్కనివ్వని రక్షణ వరుసలో అతనూ ఉన్నాడు. 2025 గోల్డ్ కప్ ఫైనల్లో కెప్టెన్సీ కూడా అతనిదే. బంతి ఎటొస్తుందో ముందే పసిగట్టే నేర్పు మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది. ఆ మ్యాచ్‌లు అతనికి దొరకనివ్వని అమెరికా కోచ్‌లది దూరాలోచన కాదు, ఉత్త తొందరపాటు.