పొగ లేని అగ్ని కోసం నిరీక్షణ

మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీ అద్దకంలో కర్మయోగ రహస్యమొకటి దాగి ఉన్నది. కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో తడిపి ఆరబెట్టిన వస్త్రంపై టేకు అచ్చులు పడతాయి. నలుపునకు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం. ఎరుపునకు పటిక ద్రావణం. పటిక అద్దినంత మాత్రాన అసలైన ఎరుపు గోచరించదు. వస్త్రాన్ని పారే నీటిలో ఉతికి, పూర్వకాలపు చిరివేరు వంటి రంగు ద్రవ్యంతో కాగులో మరిగించినప్పుడే అది వ్యక్తమవుతుంది. కర్మ చేయు వేళ ఫలం కంటికి కానరాదన్నమాట. అచ్చు వేసే చేతికి శ్రద్ధ ఒక్కటే స్వాధీనం. నీటి గుణం, ఎండ తీక్షణత, కాగు వేడి పూర్తిగా దాని వశంలో ఉండవు.

ఇట్టి కళ ఆధారంగా రూపకల్పన వ్యాపారం నడిపేవారిలో ఒక వ్యాధి తరచుగా కనిపిస్తుంది. అచ్చుకు అచ్చు కలిసే చోట వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ నమూనాను త్రోసిపుచ్చుతారు. మరొకటి గీయిస్తారు, దానినీ పక్కన పెడతారు. ఒప్పుకున్న గడువు దాటిపోతుంది. అద్దకపు బల్ల వద్ద కార్మికుడు పని లేక కూర్చుంటాడు. ఆ పూట కూలి అతని ఇంటికి చేరదు. యజమాని మాత్రం దీనిని నాణ్యతానిష్ఠ అని పిలుచుకుంటాడు.

ఆ నిష్ఠ లోతులను పరిశీలిస్తే, "నా పేరుకు మచ్చ రాకూడదు" అనే భయమే మిగులుతుంది. అది ఫలాసక్తి, దాని మూలం అహంకారం. సహజమైన కర్మ దోషయుతమైనా విడువరాదనీ, అగ్నిని పొగ ఆవరించినట్లు ఆరంభాలన్నిటినీ దోషం ఆవరించి ఉంటుందనీ గీత 18వ అధ్యాయంలో భగవానుడు బోధించాడు. పొగ లేని నిప్పు కోసం వేచి ఉండేవాని పొయ్యి ఏనాటికీ వెలగదు.

ఇది అశ్రద్ధకు అనుమతి కాదా అనే శంక సహజం. కర్మలోని నేర్పును యోగమని చెప్పినదీ ఆ గీతయే. కనుక వివేకం అవసరం. సరిగా ఉతకనందున రంగు కారిపోతే అది ధర్మలోపం; కొనుగోలుదారునికి నష్టం; తిరిగి చేయవలసిందే. అచ్చుల కూడికలోని స్వల్ప భేదం మానవ హస్తపు స్వభావం. దోషం గ్రహీతను బాధిస్తున్నదా, కర్త అభిమానాన్ని మాత్రమే బాధిస్తున్నదా అన్నదే పరీక్ష. ఎన్ని నమూనాలు, ఏ తేదీ అనే నియమాన్ని పని ఆరంభానికి ముందే సంకల్పంగా చెప్పుకొని, ఆ హద్దు చేరగానే వస్తువును అప్పగించడం సాధన.

నిత్యపూజ నేర్పేదీ ఇదే. మంత్రలోపం, క్రియాలోపం, భక్తిలోపం ఒప్పుకొని, క్షమాప్రార్థనతో పూజను ముగిస్తాడు భక్తుడు. లోపం జరిగిందని ప్రతిసారీ విఘ్నేశ్వర పూజ నుండి మళ్ళీ మొదలుపెడితే నైవేద్యం ఎన్నటికీ స్వామిని చేరదు.

దివిసీమలో వేణుగోపాలుడు వెలసిన హంసలదీవి చెంత కృష్ణానది సాగరంలో కలుస్తుంది. తేటపడిన తరువాతే వస్తానని ఆ నది ఏనాడూ ఆగలేదు. అది మోసుకువచ్చిన ఒండ్రుమట్టియే ఈ సీమకు అన్నం పెడుతున్నది. చేతనైనంత శ్రద్ధతో చేసిన పనిని, దాని మరకతో సహా, కృష్ణార్పణం చేయడమే కర్త ధర్మం.