పడటమే మొదటి పాఠం!

తునిలో ఐసు కనిపించేది సోడా బండి మీదో, చేపల పెట్టెలోనో! మామిడిపళ్ల కాలంలో తాండవ ఒడ్డున కూర్చున్నా చెమట ఆగని ఊరది. అలాంటి చోట పిల్లాడు టీవీలో ఐస్ స్కేటింగ్ చూసి 'అమ్మా, నేనూ నేర్చుకుంటా' అంటే ముందు నవ్వొస్తుంది. ఆ వెనకే భయం... 'కాలో చెయ్యో విరిగితే?'

కొత్తవాళ్లకు బృందంగా నేర్పే చోట ఈ ఆట ఆ భయంతోనే మొదలవుతుంది. మొదటి క్లాసులోనే ఎలా పడాలో నేర్పుతారు. మోకాళ్లు వంచి, పక్కకు ఒరిగి, తుంటి మీద కూర్చున్నట్టుగా పడాలి. చేతులు చాపకూడదు. బరువంతా అరచేతి మీద పడితే మణికట్టు విరిగే ప్రమాదముంది. పడ్డాక పిడికిలి బిగించాలి... వెనక వచ్చేవారి బ్లేడు వేళ్ల మీద ఎక్కకుండా! లేచేటప్పుడు ముందు మోకాళ్ల మీదికి రావాలి. ఒక పాదం ముందుకు మోపి, రెండు చేతులూ ఆ మోకాలి మీద ఆనించి లేవాలి.

తర్వాత నడక. మడమలు దగ్గరగా, వేళ్లు ఎడంగా పెట్టి బాతులా అడుగులేయాలి. అది కుదిరాక పాదాన్ని పక్కకు తోస్తూ జారడం. ఆగాలంటే కాలివేళ్లు లోపలికి తిప్పి, మడమలను బయటికి నెట్టాలి.

ఇదంతా ఒక్కరికే నేర్పొచ్చు. కానీ నలుగురితో కలిసి నేర్చుకుంటే పక్కవాడూ పడతాడు. అది చూశాక సిగ్గు సగం పోతుంది. ఇబ్బందల్లా కటకటాల అవతల నిలబడ్డ పెద్దవాళ్లతోనే! 'ఒరేయ్ చిన్నా, జాగ్రత్తరా!' అని అమ్మ అరవగానే వాడు తల తిప్పుతాడు. తిప్పాడంటే పడ్డాడన్నమాటే! చూపు ఎటుంటే ఒళ్లూ అటే ఒరుగుతుంది మరి.

మరి మనకు ఐసెక్కడ? సిమ్లాలో 1920 నుంచి చలికాలంలో సహజంగా గడ్డకట్టే ఐసు మీద స్కేటింగ్ చేస్తున్నారు. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన రింకు ఏళ్లతరబడి మూతపడి, 2025లో మళ్లీ తెరుచుకుంది. రెండూ దూరాభారమే.

దగ్గర్లో దొరికేవి చక్రాలు! తుని నుంచి వంద కిలోమీటర్ల దూరంలోని విశాఖలో రోలర్ స్కేటింగ్ రింకులున్నాయి. ఒకే వరసలో చక్రాలుండే ఇన్‌లైన్ స్కేట్ల మీద మోకాళ్లు వంచడం, పక్కకు తోయడం, ఒంటికాలి మీద నిలవడం దాదాపు ఐసు మీదిలాగే ఉంటాయి. ఆగడం మాత్రం మళ్లీ నేర్చుకోవాలి.

ఇది వట్టి ఊరడింపు కాదు. ఎండలకు పేరుబడ్డ ఫ్లోరిడాలోని ఒకాలా పట్నం అమ్మాయి ఎరిన్ జాక్సన్ పెరిగింది చక్రాల మీదే. 2017లో ఐసు మీద గట్టిగా సాధన మొదలుపెట్టి, కొన్ని నెలలకే 2018 వింటర్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. 2022లో బీజింగ్‌లో 500 మీటర్ల స్పీడ్ స్కేటింగ్‌లో స్వర్ణం గెలిచింది. అసలు చక్రాల ఆటే తక్కువా? మన హైదరాబాదీ అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లోనే రెండు కాంస్యాలు తెచ్చాడు.

పిల్లల్ని చేర్పించేటప్పుడు హెల్మెట్, మోకాళ్లకూ మోచేతులకూ మణికట్లకూ ప్యాడ్లు తప్పనిసరి. 'వచ్చే ఏడాదికీ పనికొస్తాయి' అని ఒక సైజు పెద్ద స్కేట్లు కొనడం మాత్రం వద్దు. లోపల పాదం కదిలితే చీలమండ మెలిక పడుతుంది. ఇక పిల్లాడు పడ్డప్పుడు పరుగెత్తుకెళ్లి లేపకండి. దెబ్బ తగలకపోతే కాస్త ఆగి చూడండి. ఎలా లేవాలో వాడికి మొదటి క్లాసులోనే నేర్పారు!