దెయ్యాల పండుగ, మనుషుల భయం

ఒకప్పుడు ఐర్లండు పల్లెల్లో అక్టోబరు 31 రాత్రి దుష్టశక్తులు దరిచేరకుండా టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు పెట్టేవారు. వలసదారుల వెంట ఆ హాలోవీన్ అమెరికా చేరాక దుంప స్థానంలోకి గుమ్మడికాయ వచ్చింది; పిల్లలు వేషాలు కట్టి ఇంటింటా మిఠాయిలడగడం రివాజయింది.

1974లో టెక్సస్‌లో ఒక బాలుడు హాలోవీన్ మిఠాయిలోని సైనైడుతో మరణించాడు. 1982లో షికాగోలో నొప్పి మాత్రల్లో ఎవరో కలిపిన సైనైడుకు ఏడుగురు బలయ్యారు. అపరిచితులిచ్చే మిఠాయిపై తల్లిదండ్రుల అనుమానం బలపడింది. నేడు కొన్నిచోట్ల పిల్లలు ఇంటింటికీ వెళ్ళరు. పార్కింగు స్థలంలో కార్ల డిక్కీల దగ్గరే పంపకం.

కానీ ఆ బాలుడికి విషమిచ్చింది పొరుగువాడు కాదు. బీమా సొమ్ము కోసం కన్నతండ్రే.

నాకు పాత భయమే మేలనిపిస్తుంది. అది దీపం పెట్టించిందే కానీ, పొరుగువాడి తలుపు తట్టవద్దనలేదు. కాదంటారా?