పొమ్మనలేక పొగబెట్టే సగం జీతం

మన దేశంలో 'ఫర్లో' అన్న మాట ఎక్కువగా వినిపించేది జైలు వార్తల్లో. శిక్ష పడ్డ ఖైదీని కొన్నాళ్ళు ఇంటికి పంపిస్తే దాన్ని ఫర్లో అంటారు. ఇప్పుడదే మాట హెచ్చార్ వాళ్ళ మెయిళ్ళలోకి వచ్చి చేరింది. తేడా అల్లా ఒక్కటే. ఖైదీకి తిరిగి ఏ రోజు రావాలో కాగితం మీద రాసిస్తారు. మనకి అదీ లేదు :)

నవ్వులాటకి అన్నాను గానీ అసలు బాధంతా అక్కడే ఉంది. రెండు నెలలుగా నేనూ ఈ బాపతే. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం లెండి. క్లయింటు ప్రాజెక్టు ఆపేశాడు, మా టీమునంతా ఇంట్లో కూర్చోమన్నారు, "పరిస్థితులు చక్కబడే వరకు" బేసిక్ మాత్రం ఇస్తామన్నారు. ఎప్పటికి చక్కబడతాయండీ అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. మేనేజర్ని అడిగితే "నాకూ తెలీదు, పైవాళ్ళు చెప్పాలి" అంటాడు. పాపం ఆయన భయం ఆయనది.

"సగమైనా ఇస్తున్నారు కదా, సంతోషించు" అనేవాళ్ళు ఇంటినిండా ఉన్నారు. ముందు ఆ సగం ఎంతో చూద్దాం. నెలకి 80 వేల జీతం అనుకోండి. అందులో బేసిక్ 40 శాతం, అంటే 32 వేలు. దాని మీద పీఎఫ్ 12 శాతం కోస్తే 3,840 పోయింది. తెలంగాణలో వృత్తి పన్ను 200. చేతికొచ్చేది 27,960. ఇంటి లోను ఈఎంఐ 30 వేలుంటే, నెల మొదటి వారంలోనే లెక్క మైనస్సులోకి వెళ్ళిపోయింది. ఇంక బియ్యం, కరెంటు, అమ్మ మందులు ఎక్కణ్ణించి వస్తాయి? పేరుకి సగం జీతం, నిజానికి మూడోవంతు.

అసలు ఈ సగం జీతం ఆలోచన మనది కాదు, ఫ్యాక్టరీలది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లే-ఆఫ్ అని ఒకటుండేది. బొగ్గు లేకో, కరెంటు లేకో, యంత్రం పాడయ్యో పని ఆగిపోతే, కార్మికుడికి బేసిక్, డీఏ కలిపి అందులో సగం ఇవ్వాలన్నారు. కానీ ఆ హక్కు ఫ్యాక్టరీలకి, గనులకి, తోటలకి మాత్రమే పెట్టారు, అదీ యాభైమందికి తగ్గకుండా ఉన్నచోట. మాదాపూరులో అద్దాల మేడలో కూర్చుని కోడు రాసుకునేవాడికి ఆ లెక్క వర్తించలేదు. కాబట్టి మనకొచ్చే సగం జీతానికి చట్టం అండ లేదు. మనం సంతకం పెట్టిన కాగితం మీద ఏముంటే అదే. ఆ కాగితం ఎంతమంది చదివి సంతకం పెడుతున్నారంటారు?

చదివితే పొగ ఎలా పెడతారో అర్థమౌతుంది.

మొదటిది, నోటీసు పీరియడు. జీతం కోశారు కానీ 90 రోజుల నోటీసు మాత్రం పూర్తిగా అలాగే ఉంచారు. బయట ఇంకో పని చేయకూడదు, పిలిచిన మర్నాడే రావాలి. అంటే వాళ్ళు మనకి సగమే ఇస్తారు, మనం మాత్రం వాళ్ళకి పూర్తిగా కట్టుబడి ఉండాలి.

రెండోది, పేస్లిప్పులు. కొత్త కంపెనీవాడు మొదట అడిగేదే చివరి మూడు నెలల పేస్లిప్పులు. అందులో 32 వేలు చూసి "ముప్పై శాతం హైక్ ఇస్తాం" అంటాడు. అంటే 41,600. పాత జీతానికి సగం దగ్గర ఆగాడు, పైగా హైక్ ఇచ్చానన్న తృప్తి వాడికి!

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, ఎవరూ పట్టించుకోనిది. ఉద్యోగం తీసేస్తే ఇచ్చే పరిహారం లెక్క. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం కూడా, ఏడాది నిండిన వర్కర్ని రిట్రెంచ్ చెయ్యాలంటే నెల నోటీసు, సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. నెల జీతగాళ్ళకి ఆ సగటు తీసేది చివరి మూడు పూర్తి నెలల మీద. గ్రాట్యుటీ అయితే చివరగా తీసుకున్న వేతనం మీద. మూడు నెలలు కోత జీతం మీద కూర్చోబెట్టి నాలుగో నెల తీసేస్తే, ఆ లెక్కలు కూడా కోత జీతం మీదే వేసే ప్రమాదం ఉంది. "మనం వర్కర్లమా ఏంటి, ఇంజనీర్లం కదా" అనుకునేవాళ్ళకి ఒక మాట. ఆ నిర్వచనంలో సాంకేతిక పని చేసేవాళ్ళూ ఉన్నారు. కార్డు మీద హోదా ఏమున్నా, చూసేది నిజంగా చేసే పనిని.

ఇంతా చేసి, విసుగెత్తి మనమే రాజీనామా ఇచ్చామనుకోండి, పరిహారం ప్రసక్తే లేదు. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే కదా మరి.

అయితే జీతం తగ్గించిన ప్రతి కంపెనీనీ దొంగ అనను. నిజంగా డబ్బుల్లేక, నలుగురిని తీసేసే బదులు అందరూ కొంచెం కొంచెం సర్దుకుందాం అనే చిన్న కంపెనీలుంటాయి. అలాంటిచోట సర్దుకోవడమే న్యాయం. నేనడిగేది ఒక్కటే, సర్దుబాటుకి ఒక గడువుండాలి, లెక్కుండాలి.

ఉండొచ్చని మన ఊళ్ళోనే చూశాం. 2009 జనవరి 7న సత్యం బండారం బయటపడింది, ఏప్రిల్లో టెక్ మహీంద్రా చేతికెళ్ళింది, జూన్‌లో పనిలేని వేలమందిని 'వర్చువల్ పూల్' అని ఇంటికి పంపారు. బేసిక్, పీఎఫ్, ఆరోగ్య బీమా ఇస్తాం, ఆరు నెలల దాకా చూస్తాం అన్నారు. అది మంచి బేరమని నేననను. కానీ ఆరు నెలలు అన్న మాట ఉంది. ఆర్నెల్ల గడువుంటే మనిషి ఒక ప్లానేసుకుంటాడు. బంగారం కుదువపెట్టాలా, ఊరెళ్ళిపోవాలా, ఏదో ఒకటి తేల్చుకుంటాడు. గడువే లేకపోతే త్రిశంకు స్వర్గం.

కరోనా టైములో బ్రిటన్లో ఉన్న మనవాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుసు. 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు దాకా నడిచిన అక్కడి ఫర్లో పథకంలో జీతంలో 80 శాతం, నెలకి 2,500 పౌండ్లు మించకుండా ఇచ్చారు. మొదట్లో ఆ డబ్బంతా ప్రభుత్వమే భరించింది. అంతకన్నా నాకు నచ్చింది 2020 జులై ఆఖర్న తెచ్చిన ఒక రూలు. ఫర్లోలో ఉన్నవాణ్ణి తీసేస్తే, చట్టప్రకారం ఇచ్చే పరిహారం ఫర్లో జీతం మీద కాదు, మామూలు జీతం మీద లెక్కకట్టాలి అని. ఒక్క రూలుతో పొగ సగం తగ్గిపోయింది.

మనకి ఆ రూలు వచ్చేదాకా ఎవరికి వాళ్ళం అడగాల్సిందే. ఉత్తరం చేతికిచ్చినప్పుడు మూడు వాక్యాలు అందులో రాయించుకోండి. ఇది ఫలానా తేదీతో ముగుస్తుంది. పరిహారం, గ్రాట్యుటీ, నోటీసు లెక్కలన్నిటికీ పాత జీతమే ఆధారం. ఈలోగా వేరే ఉద్యోగం దొరికితే నోటీసు లేకుండా వదిలేస్తారు. ఫోన్లో చెప్పింది చెల్లదు, మెయిల్లో ఉండాలి.

"ఇవన్నీ అడిగితే ముందు నిన్నే తీసేస్తారు" అంటారు మా ఫ్రెండ్స్. నిజమే, ఒక్కడే అడిగితే అదే జరుగుతుంది. అందుకే మా టీమ్ నుంచి పదకొండు మందిమి ఒకే మెయిలు, అందరి పేర్లతో పంపాం. జవాబింకా రాలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు గానీ, ఊడితే ఎంత రావాలో మాత్రం పదకొండు మందికీ రూపాయలతో సహా తెలుసు.