లోహ బంధ దూరాలు: కొలిచినవా, విధించినవా?

యూరియాను అమ్మోనియాగా మార్చే యూరియేజ్ ఎంజైమ్‌ను 1926లో జేమ్స్ సమ్నర్ స్ఫటికీకరించారు. దాని క్రియాశీల స్థానంలో రెండు నికెల్ అయాన్లు సుమారు 3.5 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంలో ఉన్నట్లు 1995లో వెలువడిన బాక్టీరియా యూరియేజ్ నిర్మాణం చూపింది. నేలలో నత్రజని నష్టాన్ని తగ్గించే నిరోధకాల రూపకల్పనకు ఈ స్థానపు అమరికే కీలకం.

ఎక్స్-కిరణ దత్తాంశంలో స్పష్టత తక్కువైనప్పుడు, నిర్మాణాన్ని మెరుగుపరచే రిఫైన్‌మెంట్ దశలో నికెల్‌కు, హిస్టిడిన్ నత్రజనికి మధ్య దూరం 2.1 ఆంగ్‌స్ట్రామ్‌ల దరిదాపుల్లో ఉండాలని ముందే పరిమితి విధిస్తారు. ఇది అవసరమే, లేనిచో పరమాణువులు అసంభవమైన చోట్లకు జరుగుతాయి. అయితే పరిమితిని మరీ బిగించినచో, ఫలితంలో కనిపించేది దత్తాంశం చెప్పినది కాదు, పరిశోధకుడు ముందే ఊహించినది. నికెల్‌ను జింక్‌గా పొరబడినా అమరిక సవ్యంగానే తోస్తుంది. అటువంటి నిర్మాణాన్ని నమ్మి రూపొందించిన నిరోధకం పొలంలో ఫలించకపోవచ్చు.

కనుక లోహం ఏదో అసంగత పరిక్షేపణంతో నిర్ధారించాలి. దత్తాంశం అనుమతించిన మేరకు పరిమితులను సడలించి చూడాలి. విధించిన విలువలను వ్యాసంలో విధిగా ప్రకటించాలి. ఎరువు వేయని పోలిక మడి లేని ప్రయోగాన్ని వ్యవసాయ శాస్త్రం అంగీకరించదు. విధించిన దూరాన్ని కొలిచిన దూరంగా చూపే నిర్మాణాన్నీ అంగీకరించరాదు.