కల్తీ కల్లు మానినోళ్లు ఏమయ్యారు? ఫేస్‌బుక్‌లో వెతికితే దొరుకుతారా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: అల్ప్రాజోలం, డైజోపాం, క్లోరల్ హైడ్రేట్.. కల్తీ కల్లు కేసుల్లో పాలమూరు జనానికి ఈ పేర్లు కొత్తేం కాదు. అలవాటైన వాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావొచ్చు. 2015లో దాడులు పెరిగి మత్తు కల్లు ఆగిపోవడంతో తెలంగాణలో బాధితులు ఆస్పత్రులకు పరుగులు తీశారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ఏకంగా ప్రాణాలే తీసింది.

మరి ట్రీట్‌మెంట్ తీసుకుని ఇంటికెళ్లిన వాళ్లు రెండేళ్ల తర్వాత ఎలా ఉన్నారు? మానేశారా, మళ్లీ మొదలుపెట్టారా? ఇది తెలియాలంటే అదే మనుషుల్ని ఏళ్ల తరబడి కలుస్తూ ఉండాలి.

అసలు చిక్కు ఇక్కడే!

ఈ మూడు జిల్లాల్లో వలసలు ఎక్కువ. ఇవాళ ఊర్లో ఉన్నోళ్లు రేపు హైదరాబాద్, పుణె, ముంబై అడ్డాల మీద ఉంటారు. సిమ్ మారితే పాత నంబర్ పనిచేయదు. దొరికిన వాళ్లనే లెక్కిస్తే, బాగా దెబ్బతిన్నోళ్లు లెక్కలోంచి జారిపోతారు. అప్పుడు ‘అంతా బాగుంది’ అనే తప్పుడు ఫలితం వస్తుంది.

అందుకే విదేశాల్లో పరిశోధకులు ఫేస్‌బుక్‌లాంటి సోషల్ మీడియాలోనూ వెతుకుతున్నారు. ఇక్కడా దూరం నుంచి పలకరించడం కొత్త కాదు. ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లో సుమారు 3 వేల మంది పిల్లల జీవితాలను గమనిస్తోంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ కూడా అందులో ఉంది. 2020లో కరోనా వేళ ఇళ్లకు వెళ్లే వీల్లేక ఫోన్‌లోనే సర్వే చేశారు.

మెసేజ్ ఎవరు చూస్తారు?

అయితే చదువు గురించి అడగడం వేరు, మత్తు గురించి అడగడం వేరు. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ ఉంటే, నాన్నకొచ్చిన వాట్సాప్ మెసేజ్ కొడుకు చదువుతాడు. అందులో ‘కల్లు’, ‘డీ అడిక్షన్’ అనే మాట కనబడితే చాలు, పరువు పోయినట్టే. ఫ్రెండ్ రిక్వెస్ట్ పెట్టినా ఊరోళ్లకు అనుమానమొస్తుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం చికిత్స వివరాలు గోప్యం. మత్తుకు బానిసైన వాళ్లూ దీని పరిధిలోకే వస్తారు.

దారి ఒకటే. మొదటి రోజే అడగాలి: ‘రేపు మిమ్మల్ని ఎక్కడ, ఏ పేరుతో పలకరించాలి? మీరు దొరక్కపోతే ఎవరిని అడగాలి?’ మెసేజ్‌లో మత్తు ఊసే ఉండకూడదు. గ్రూపుల్లో, కామెంట్లలో అస్సలు వెతకొద్దు. వద్దంటే అక్కడితో వదిలేయాలి. ఒక్కరి గుట్టు బయటపడినా, మిగతావాళ్లు ఫోన్ ఎత్తడం మానేస్తారు.

మత్తు మానాలనుకునే వాళ్లు టోల్ ఫ్రీ నంబర్ 14446కు ఫోన్ చేయొచ్చు. డాక్టర్ సలహా లేకుండా ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం.